తాళం తప్పిన తెడ్డు

దారి: కొత్తరేవు నుంచి దిబ్బపేట, తీరం వెంట దక్షిణంగా, ఒక పగటి ప్రయాణం
ఎవరు వెళ్ళారు: ఒక్కరు. సూరాడ పోలేశ్వరి
సరుకు: చేమిరి, ఒక కుండ

1. కొత్తరేవు, తెల్లవారుతుండగా

తెడ్డువాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఆగిన ప్రతిచోటా నాలుగు ముక్కలు రాసిపెట్టాలి. ఎదురుగాలి ఎక్కడ అందుకుంది, ఇసుకమేట ఎటు జరిగింది, ఏ నీళ్ళలో చెవి తిరుగుతోంది, ఇవి తెలిస్తే తర్వాత వెళ్ళేవాళ్ళు బతుకుతారు. నా రాతల్లో దారి తక్కువ, తిట్లు ఎక్కువ అని మావాళ్ళు గొణుగుతుంటారు. అంత బాధగా ఉంటే వాళ్ళే వెళ్ళి రాసుకోవచ్చు.

రాస్తున్నది పాత ఫ్లెక్సీ ముక్క వెనకవైపు. నా పడవ తొడుగూ ఫ్లెక్సీలదే. వెదురుబద్దల చట్రానికి బిగించి కుట్టి, జీడినూనె పట్టించాం. నేనొక్కదాన్ని కాళ్ళు చాపుకుని కూర్చుంటే చాలు, ఇంకో పిల్లి పట్టదు. అడుగున ఏ కాలం నాయకుడో రెండు చేతులూ జోడించి నవ్వుతుంటాడు. పేరు ఉప్పుకి చెరిగిపోయింది. ఆ రోజుల్లో ఎవరికేం చేశాడో తెలియదు గాని ఇప్పుడు మాత్రం నన్ను మోస్తున్నాడు.

గున్నమ్మత్త కొత్తరేవు నీటింటిని చూసుకునే మనిషి. తొలి వెలుగులోనే చేమిరి కోసి మట్టికుండలో పెట్టి నా ముందుకి తోసింది.

"మూత తీసి సూసుకో అమ్మీ. తరవాత గున్నమ్మ సచ్చిపోయినది ఇచ్చిందని ఊరూరా సెప్తే నాను పడను."

మూత తీశాను. లేత దోసకాయ కోసినప్పటి వాసన వచ్చింది. దోసె మందం కూడా లేని పచ్చటి పొర నీళ్ళలో మెల్లగా ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. పాలు తోడుపెట్టడానికి పక్కింటి నుంచి తెచ్చుకునే మజ్జిగ పేరే దీనికీ పెట్టారు పెద్దవాళ్ళు. పళ్ళెంలో పరిచి పైన సముద్రపు నీళ్ళు పోస్తే ఉప్పు అది తినేసి, కింద మంచినీళ్ళు చుక్కలుగా వదులుతుంది. చిన్న ముక్క చాలు, పట్టు దొరికితే పళ్ళెమంతా అల్లుకుంటుంది. ఒక ఊళ్ళో చచ్చిపోతే పక్క ఊరు ఇస్తుంది. మొన్నటి గాలివానకి మా దిబ్బపేట నీటింట్లోకి బురద చేరి పళ్ళేలన్నీ నల్లబడ్డాయి. బావులు నేను పుట్టకముందే ఉప్పు తిరిగాయి. ఇప్పుడు మా ఊళ్ళో ఉన్నవి ఇళ్ళలో కుండల అడుగున మిగిలిన నీళ్ళే. నాలుగు రోజులకి సరిపోతే గొప్ప.

"పొద్దున్న కోసినది పొద్దు గూకీలోగా పళ్ళెంలో పడాల" అంది గున్నమ్మత్త. "దీపాలెట్టేక సేమిరి ముట్టరు. నీకు నాను సెప్పాలేటి?"

చెప్పక్కర్లేదు. పొర పట్టు తెచ్చుకోవాలంటే కాస్త వెలుతురు కావాలని కొందరంటారు. దీపాలు పెట్టాక మజ్జిగా ఉప్పూ గడప దాటకూడదన్న పాత నియమమే దీనికీ అంటుకుందని కొందరంటారు. ఏదైతేనేం, ఆ నియమం తప్పి పెట్టిన చేమిరి పట్టలేదన్న కథలు మా తీరంలో కోకొల్లలు. ఎవరూ తప్పరు.

ఇది చేరకపోతే ఊరు ఖాళీ చెయ్యాలి. ఉప్పు పర్ర, ఆ చవిటి నేల మీదుగా మూడు రోజులు నడిస్తే కొండలొస్తాయి. నడవగలిగినవాళ్ళు నడుస్తారు. మా కొర్లయ్య మావ నడవలేడు. మా అమ్మకి అన్న, నాకు తెడ్డు నేర్పినవాడు, మోకాళ్ళ కింద ఏమీ లేనివాడు. నేను మొన్న బయల్దేరేటప్పుడే తేల్చి చెప్పేశాడు.

"నీల్లు రాపోతే మీరందరూ పర్ర దాటి పోండి. నన్ను మోసుకుపోతానని ఎవుడైనా అన్నాడంటే తంతాను."

"కాళ్ళు లేవు కదా మావా, దేంతో తంతావు?" అన్నాను.

నవ్వాడు. నవ్వాడు గాని మాట మార్చుకోలేదు. అందుకని కుండని తడి గోనెలో చుట్టి నా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని వెళ్తున్నాను.

2. మునిగిన లైట్‌హౌసు, బారెడు పొద్దెక్కాక

లైట్‌హౌసు తల మాత్రం నీళ్ళపైన ఉంది. దాని ఇనపకమ్మీకి తాడు వేసి పడవ ఆపాను. చేమిరికి కాస్త గాలి పట్టించాను. వాసన బాగానే ఉంది. గోనె మళ్ళీ తడిపాను. ఇక్కడిదాకా గాలి పక్క నుంచి తగిలింది, ఇప్పుడు దక్షిణం నుంచి మొహాన కొడుతోంది. తర్వాత వచ్చేవాళ్ళకి: ఈ నెలలో లైట్‌హౌసు దాటాక ఎదురుగాలి ఖాయం. నాలుగు మెతుకులు ఇక్కడే తినెయ్యండి. ముందు తినడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

కొత్తగా తెడ్డు పట్టేవాళ్ళు ఇది చదువుతారు కాబట్టి చెవుల సంగతి కూడా రాస్తాను. మా తాతల కాలంలో ఎవరో ఎవరి మీదో యుద్ధానికని నీళ్ళలో వదిలిన యంత్రాలవి. యుద్ధం ఏమైందో ఎవరికీ గుర్తులేదు, యంత్రాలు మిగిలాయి. అప్పట్లో ఇంజను చప్పుడు వింటే వెతుక్కుంటూ వచ్చి పడవ అడుగున పేలేవి. ఇంజన్లు పోయాయి. ఇప్పుడు లయ ఎక్కడుంటే అక్కడికి వస్తున్నాయి. ఇద్దరు కలిసి తెడ్డు వేస్తే లయ. ఒక్కరే వేసినా, తాళం కుదిరితే లయ. అందుకే ఎంత దూరమైనా ఒంటరిగానే వెళ్తాం, తాళం తప్పిస్తూ వెళ్తాం. మా ఒడ్డున పెళ్ళికి డప్పు కొట్టరు. నీళ్ళ దగ్గర దంపుళ్ళు లేవు. పడవ పాట అనేది ఒకటి ఉండేదట, నేను వినలేదు.

మావకి వచ్చు. చిన్నప్పుడు పాడమని ఎంత ఏడ్చినా పాడలేదు. ఆయనా మా నాన్నా ఒకే తెప్ప మీద వేటకి వెళ్ళేవారు. ఒకరోజు వల బరువెక్కి, గాలి ఎదురై, అలసిపోయి, తెలియకుండానే ఇద్దరి తెడ్లూ కలిశాయి. ఒక్కడే తిరిగొచ్చాడు, ఆ ఒక్కడూ అలా వచ్చాడు. నన్ను ఆయనే పెంచాడు. తెడ్డు చేతికిచ్చిన రోజు చెప్పిన మాట ఇది:

"కట్టం వొచ్చినపుడు మనిసికి పాటొస్తాది పోలీ. ఎవుడూ నేర్పక్కర్లేదు, ఒల్లే పాడేస్తాది. మన నీల్లల్లో అదే సంపేస్తాది."

తెడ్డు వదిలేశాక మావ ఊరికి చెవి కాస్తున్నాడు. ఊరికి ఉత్తరాన మలుపులో ఉన్న పందిరాయి మీద కూర్చుని, నీళ్ళలోకి దించిన ఇనపఊచని పళ్ళతో కరిచి పట్టుకుంటాడు. ఊచ సన్నగా జుమ్మందంటే చెవి దగ్గర్లో ఉన్నట్టు. చెయ్యి ఎత్తుతాడు, ఎవరూ నీళ్ళలోకి దిగరు. ముందుపళ్ళు అరిగి సగమయ్యాయి. జంతికలు నమల్లేనని విసుక్కుంటాడు.

తాళం తప్పించడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఒకాయన ఎక్కాలు తప్పులతడకగా చదువుతాడు. ఒకావిడ చుట్టాల వరసలు కలుపుకుంటూ పోతుంది. నేను తిడతాను. తిట్టు ఎక్కడ ఆగితే అక్కడ తెడ్డు పడుతుంది, ఏ రెండు తిట్లూ ఒకే పొడుగుండవు కాబట్టి తాళం కుదరదు. "లోలమ్మ పిన్ని నా ఇత్తడి గరిటె పట్టుకెళ్ళి ఏడాదైంది" అని ఒకటి. "ఇవ్వదు" అని ఇంకొకటి. "అడిగితే ఏ గరిటే అని నా మొహం కేసే చూసి అడుగుతుంది చూడు, ఆవిడ మొహం మండ" అని మూడోది. పొద్దున్నించి ఆ గరిటె మీదే చాలా దూరం వచ్చాను.

3. దానేలు ట్యాంకు, మధ్యాహ్నం దాటాక

ఇది నీళ్ళ ట్యాంకు. ఒకప్పుడు ఊరి మధ్య స్తంభాల మీద నిలబడి ఉండేదట. ఇప్పుడు ఊరు లేదు, స్తంభాలు నీళ్ళలో ఉన్నాయి, ట్యాంకు పైన దానేలు అనే ముసలాయన వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. నన్ను చూడగానే తాడు నిచ్చెన వదిలాడు. ఎక్కలేనన్నాను. ఎక్కితే కుండ ఎండలో ఉంటుంది. ఇంకో మాట కూడా ఉంది, చేతులు ముడుచుకుపోయాయి, తాడు పట్టుకోలేను. అది మాత్రం చెప్పలేదు. ఆయనే దిగొచ్చి, కింద మెట్టు మీద కూర్చుని తరవాణి ముంత నా నోటికి అందించాడు. చిన్నపిల్లకి పట్టినట్టు పట్టాడు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు, తాగేశాను.

"తిన్నగానే, తాళం తప్పించే వొచ్చావా?" అన్నాడు.

"తిన్నగానే వచ్చాను."

ఆయన వంగి, స్తంభం పక్కన నీళ్ళలోకి దిగిన పాత, విరిగిన ఇనపనిచ్చెన కమ్మీని పళ్ళతో కరిచాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. లేచేసరికి మొహం మారిపోయింది.

"నీ ఎనకాల ఒకటి పడింది తల్లీ."

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత గుర్తొచ్చింది. లైట్‌హౌసు దాటాక గాలి పెరిగింది. గరిటె అయిపోయింది. లోలమ్మ పిన్ని అయిపోయింది. ఊళ్ళో తిట్టదగినవాళ్ళందరూ అయిపోయారు, తిట్టకూడని వాళ్ళని కూడా ఇద్దరు ముగ్గుర్ని తిట్టాను. ఆ తర్వాత కొంత దూరం నాకేమీ గుర్తులేదు. చేతులు నొప్పి పుట్టకుండా వాటంతట అవే వెళ్ళాయని మాత్రం గుర్తుంది. హాయిగా ఉందని కూడా గుర్తుంది. ఆ హాయే లయ. మావ వెయ్యిసార్లు చెప్పిన తప్పు, ఒళ్ళే పాడేసింది.

"ఇంకా దూరంగానే ఉన్నాదిలే" అన్నాడు దానేలు. "ఒకపాలి ఇన్నది గాని, ఎవులో ఏటో దానికి తెలీలేదు. మల్లీ ఇంటే వొస్తాది. ఇక్కడే కూసో. తెడ్డు ఎయ్యకు. రేపు పొద్దున్నకి ఒగ్గీసి పోతాది."

"రేపటికి ఇది చచ్చిపోతుంది బాబూ."

కుండ మూత తీసి చూపించాను. పొర అంచు పసుపు తిరిగింది. వాసన ఉంది గాని పొద్దున్నటి వాసన కాదు. ఆయన తన తలగుడ్డ తీసి నీళ్ళలో ముంచి కుండకి ఇంకో చుట్టు చుట్టాడు. మరి ఉండమనలేదు.

"పెబువు నీకు తోడుంటాడు. తాళం మాత్తరం నువ్వే సూసుకోవాల" అన్నాడు.

ఏడుపు ముంచుకొస్తుంటే నవ్వొచ్చింది. రాసింది చాలు, వెళ్తున్నాను.

4. ఇసుకమేట, పొద్దు వాలాక

మేట పోయినసారి కంటే సముద్రం వైపు జరిగింది. కుడివైపు నుంచి రండి.

అరచేతులు విచ్చుకుపోయాయి. తెడ్డుకి గుడ్డ చుట్టాను. రాత వంకరగా ఉంటే అందుకే.

దానేలు చేసినట్టే నేనూ చేశాను. తెడ్డుని నీళ్ళలో ముంచి పిడి పళ్ళతో కరిచాను. ఉంది. తేనెటీగ చెవి దగ్గరికి వచ్చి పోయినట్టు, మళ్ళీ వచ్చినట్టు. ట్యాంకు దగ్గర నుంచి నేను ఎంత తప్పుగా వేస్తే అంత మెల్లగా, నా వెనకే వస్తోంది. దానికి తొందర లేదు. నాకుంది.

తిట్లు లేవు. ఊరివాళ్ళ పేర్లు చెప్పుకుంటూ వచ్చాను, పొట్టి పేరుకి ఒకటి, పొడుగు పేరుకి ఒకటి. రెండుసార్లు తెడ్డు గాల్లో ఉండగానే నిద్ర పట్టింది. భయంగా ఉంది. నా గురించి కొంత, కుండ గురించి ఎక్కువ. మావ రాయి మీద కూర్చుని ఉత్తరం కేసే చూస్తుంటాడని తెలుసు.

ఇక మిగిలింది పందిరాయి మలుపు. అక్కడ నీటి లాగుడు ఉత్తరానికి ఉంటుంది, గాలీ అటే. ఆ రెంటినీ కోసుకుని వెళ్ళాలంటే గట్టిగా, ఆపకుండా, సమానంగా తెడ్డు వెయ్యాలి. సమానంగా వేస్తే ఇది వస్తుంది. వెయ్యకపోతే నీళ్ళు నన్ను మళ్ళీ ట్యాంకు దగ్గరికి తోస్తాయి. ఏం చెయ్యాలో అక్కడికి వెళ్ళాక చూస్తాను.

5. దిబ్బపేట, మూడు రోజుల తర్వాత

చేతులకి కట్లు ఉన్నాయి. లోలమ్మ పిన్ని పక్కన కూర్చుని ఫ్లెక్సీ ముక్క కదలకుండా పట్టుకుంది. జరిగింది జరిగినట్టు రాయాలి.

పందిరాయి దగ్గరికి వచ్చేసరికి పొద్దు కుంగింది. పడమటి వైపు కొంచెం ఎరుపు మిగిలింది. మలుపు మొదటి నుంచే మా ఊరి దీపాలు కనపడతాయి. చిన్నప్పటి నుంచి ఆ దీపాల్ని చూసే నేను పడవని ఒడ్డుకి తిప్పుతాను. దీపాలు వెలిగి ఉంటే నా పని అయిపోయినట్టే, ఆలస్యమైపోయినట్టే. వెలిగి ఉంటాయనే అనుకున్నాను. తిట్టుకోవడానికి సిద్ధపడే వచ్చాను.

ఒక్క దీపం లేదు. ఊరు ఊరంతా నల్లగా ఉంది. పొయ్యి మంట కూడా లేదు.

వెళ్ళిపోయారనుకున్నాను. నేను రానని అనుకుని, ఉన్న నీళ్ళు పంచుకుని, మధ్యాహ్నమే పర్ర దారి పట్టారనుకున్నాను. మావ ఒక్కడూ ఆ చీకట్లో ఎక్కడో ఉన్నాడనుకున్నాను. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఒక్క సాయంత్రం ఆగలేకపోయారా అని అరిచాను. అరిచానో, అనుకున్నానో. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాను. నీళ్ళు పడవని మెల్లగా ఉత్తరానికి లాగడం మొదలుపెట్టాయి. కుండలో వాసన దాదాపు లేదు. నాయకుడి నవ్వు కింద నుంచి జుమ్మనే చప్పుడు, ఇప్పుడు పళ్ళతో కరవక్కర్లేదు, పడవ బద్దల్లోనే తెలుస్తోంది.

అప్పుడు పాట వినపడింది.

ముందు గాలి అనుకున్నాను. గాలి దక్షిణం నుంచి వస్తోంది కాబట్టి ఊరి వైపు నుంచే తెచ్చింది. మనిషి గొంతు. ముసలి గొంతు, బొంగురుది. దానితో పాటు చెక్క మీద తెడ్డు కొడుతున్న దెబ్బ, ఒకటి తర్వాత ఒకటి, ఒక్కటీ తప్పకుండా. నా జన్మలో నేనెప్పుడూ అంత సరిగ్గా పడే దెబ్బ వినలేదు. మా ఒడ్డున ఎవరికీ అలా కొట్టే ధైర్యం లేదు. రాయికి అవతల, ఊరికి దూరంగా, నడిసముద్రం వైపు ఒక తెప్ప వెళ్తోంది. దాని మీద కూర్చున్న మనిషి పొట్టిగా కనిపించాడు, కాళ్ళు లేని మనిషి ఎంత పొట్టిగా కనిపిస్తాడో అంత.

"ఐలెస్సా! పోలీ ఎయ్యి! ఐలెస్సా! పోలీ ఎయ్యి!"

మొత్తం మాటలు నాకు అందలేదు. పాటలో పాత మాటలు ఏవో ఉన్నాయి, వాటి మధ్యలో నా పేరు పెట్టాడు. చిన్నప్పుడు ఏడ్చి అడిగితే పాడని పాట.

పడవ కింద జుమ్మనే చప్పుడు ఆగింది. తర్వాత పక్కకి జరిగింది. నన్ను వదిలేసి అటు వెళ్ళింది. అర్థమైంది. వద్దు మావా అని అరిచాను, ఎదురుగాలికి నా మాట నాకే తిరిగొచ్చింది. ఆయన వెనక వెళ్ళాలనిపించింది. వెళ్ళి ఏం చెయ్యగలను? కుండ నా దగ్గరుంది. ఆయన ఎందుకు వెళ్తున్నాడో నాకు తెలుసు, నేను వెయ్యకపోతే ఆయన వెళ్ళింది వృథా అని కూడా తెలుసు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తాళం మీద తెడ్డు వేశాను.

ఐలెస్సా అన్నప్పుడు ముంచాను, ఎయ్యి అన్నప్పుడు లాగాను. ఆయన దెబ్బ మీద నా దెబ్బ. చేతుల నొప్పి తెలియలేదు. మలుపు దగ్గర నీళ్ళు రెండుసార్లు పడవ మూతిని పక్కకి తిప్పేశాయి, పాట రెండుసార్లూ తిప్పి పెట్టింది. ఏడుస్తూ వేశాను. ఆయన వేగం పెంచితే నేనూ పెంచాను. ఆ రోజు మా నాన్న తెడ్డూ ఆయన తెడ్డూ ఇలాగే కలిశాయన్నమాట అనుకున్నాను.

రాయి దాటాను. అలలు విరిగే చోటికి వచ్చాను. పాట ఇంకా ఉంది. పడవ ఇసుకకి తగిలేటప్పుడు సముద్రం ఒక్కసారి తెల్లగా లేచింది, తర్వాత చప్పుడు వచ్చింది. తర్వాత గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది.

చీకట్లోంచి మనుషులు నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చారు. అందరూ ఉన్నారు. ఒక్కరూ వెళ్ళలేదు. ఎవరో పడవ పట్టుకున్నారు, ఎవరో నన్ను లేపారు. కుండ నా మోకాళ్ళ మధ్య నుంచి తీసింది లోలమ్మ పిన్ని.

"దీపాలు ఎందుకు పెట్టలేదు?" అన్నాను.

"ఎలాగ ఎడతామే? దీపాలెట్టేస్తే సేమిరి ముట్టకూడదు కదేటి" అంది పిన్ని. "నువ్వు వొచ్చీదాకా ఏ ఇంటిలోనూ దీపం ఎలగకూడదని ఇంటింటికీ తిరిగి సెప్పినాను. దీపం ఎట్టకపోతే పొద్దు గూకనట్టే. పద, బేగి."

పొద్దున్నించి ఆ మనిషినే తిట్టాను. ఆ గరిటె ఇక జన్మలో అడగను.

నీటింట్లో పళ్ళేలు కడిగి సిద్ధంగా ఉన్నాయి. పడమట కొస ఎరుపు పోకముందే పొర పరిచారు. సగం నల్లబడింది, సగానికి పచ్చదనం ఉంది. నల్లటిది కోసి తీసేశారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆ తర్వాతే పిన్ని మొదటి దీపం వెలిగించింది. ఆ వెలుతురులో అందరి మొహాలూ చూశాను, మావ మొహం కోసం వెతికాను కూడా. తెలిసి వెతికాను.

"ఆపలేకపోయారా పిన్నీ?" అని మర్నాడు అడిగాను.

"ఎవులాపుతారే? ఊచ కరిసి కూసున్నోడు, ఉన్నట్టుండి ఒగ్గీసి, తెప్ప దించండ్రా అన్నాడు. పోలీ ఎనకాల సెవి ఉన్నాది, తప్పుతాళంతో మలుపు దాటడం పిల్లకి అవ్వదు అన్నాడు. మగోలు కదల్లేదు. అపుడు ఏటన్నాడో తెల్సా? దించకపోతే తంతాను అన్నాడు." పిన్ని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అందరం నవ్వినాం. నవ్వుతానే దించినాం."

నాకు ఆయన మీద కోపం పోలేదు. నీళ్ళు రాకపోతే ఇక్కడే చస్తానన్నాడు, నీళ్ళు వస్తున్నాయి కదా, ఉండొచ్చు కదా. ఉండి జంతికలు నమల్లేక విసుక్కోవచ్చు కదా. అంత బాగా పాడే మనిషి ఇన్నేళ్ళు నోరు కట్టుకుని ఉన్నాడని తలుచుకుంటే ఇంకా కోపం వస్తోంది. ఆ పాట ఊళ్ళో ఎవరికీ రాదు. ఒడ్డున నిలబడినవాళ్ళు తలా ఒక ముక్క విన్నారు. నిన్న పళ్ళేలు తోముతూ ఎవరో ఒక ముక్క అందుకున్నారు, ఇంకెవరో ఆగమన్నారు. నీళ్ళకి దూరంగానే ఉన్నాం, ఆగక్కర్లేదు అన్నాను నేను.

తెప్ప దుంగ ఒకటి కొట్టుకొచ్చింది. ఇంకేమీ రాలేదు. పందిరాయి మీద ఊచ దగ్గర ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. తెడ్డు పట్టే చేతులు కావు కదా. మూడు రోజులుగా ఊచ జుమ్మనలేదు. చెవి ఒక్కసారే పేలుతుంది. తర్వాత వచ్చేవాళ్ళకి: ట్యాంకు నుంచి పందిరాయి దాకా ఒకటి తగ్గింది. అలాగని పాట పాడకండి, ఇంకెన్ని ఉన్నాయో తెలియదు.

ఈ పొద్దున్న మొదటి పళ్ళెం కింద చుక్క పడింది. చేమిరి తెచ్చినవాళ్ళు మొదటి నీళ్ళు తాగాలన్నది ఆచారం. పిన్ని గ్లాసు అడుక్కి కూడా రాని నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కొంచెం పచ్చివాసన ఉంది, మంచినీళ్ళే. సగం తాగాను. సగం పందిరాయి మీదికి తీసుకెళ్ళి, ఊచ పక్కన ఆయన కూర్చుని కూర్చుని నున్నబడ్డ చోట పోశాను. వృథా చేశానని ఎవరూ అనలేదు.

పైన రెండో వరసలో ఎవరు వెళ్ళారు అన్న చోట ఒక్కరు అని రాశాను. అప్పటికి అది నిజమే. ఇప్పుడు కొట్టేసి రాస్తున్నాను.

ఎవరు వెళ్ళారు: ఇద్దరు. సూరాడ పోలేశ్వరి, మైలపల్లి కొర్లయ్య.